45 రెట్ల స్టీరియో మైక్రోస్కోప్‌తో పాలీకీట్ల పేర్లు తేలతాయా? ఒక పరికరం సమీక్ష

పరికరం జూమ్ స్టీరియో మైక్రోస్కోప్. ఆబ్జెక్టివ్ 0.7 నుంచి 4.5 రెట్లు, ఐపీసులు 10 రెట్లు. కలిపి 7 నుంచి 45 రెట్లు. పైనుంచీ కిందినుంచీ ఎల్‌ఈడీ దీపాలు, కెమెరా బిగించుకోవడానికి మూడో గొట్టం. జువాలజీ విభాగాల్లోనూ సముద్రజీవుల ల్యాబుల్లోనూ ఎక్కువగా కనిపించే రకం ఇదే. ఈ కొలతలున్నవి ఏ కంపెనీవైనా చూపించగలిగేదీ చూపించలేనిదీ దాదాపు ఒకటే, అందుకే సమీక్ష ఆ తరగతి మొత్తానికీ వర్తిస్తుంది. దానికి పెట్టిన పరీక్ష కూడా ఒక్కటే: సముద్రపు అడుగునుంచి జల్లెడ పట్టి తీసిన పాలీకీట్ పురుగును, అంటే ఒళ్ళంతా ఉంగరాల్లాంటి ఖండితాలతో, వాటి పక్కల శూకాలనే సన్నని గట్టి పోగులతో ఉండే పురుగును, దీని కింద పెడితే, ఒంటి నిర్మాణం చూసి పేరు ఎంతదాకా చెప్పగలం?

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు వీలుగా ఉంటుంది. కుటుంబం దాకా నిశ్చింతగా చెప్పొచ్చు. ప్రజాతి (జీనస్) దాకా చాలాసార్లు వెళ్ళొచ్చు. జాతి (స్పీషీస్) దాకా వెళ్ళగలిగేది కొన్ని గుంపుల్లోనే. ఈ పరికరాన్ని కొని దాంతోనే జాతుల పట్టిక తయారుచేస్తే అందులో సగం పేర్లు తర్వాత ఎవరో ఒకరు కొట్టేయాల్సి వస్తుంది. లోపం చూసేవాళ్ళ కంటిలో ఉండదు, ఆప్టిక్స్‌లో ఉంటుంది.

ఎందుకో లెక్క కట్టి చూద్దాం. రెండు చుక్కలు విడివిడిగా కనబడాలంటే వాటి మధ్య ఉండాల్సిన కనీస దూరం 0.61ను కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి లెన్సు న్యూమరికల్ అపెర్చర్‌తో, అంటే అది ఎంత వెడల్పు కోణంనుంచి కాంతిని పట్టుకుంటుందో చెప్పే అంకెతో, భాగిస్తే వస్తుంది. ఆకుపచ్చ కాంతికి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు. ఈ తరగతి స్టీరియోల అపెర్చర్ జూమ్ చివర్లో సుమారు 0.1. అంటే 3.4 మైక్రాన్ల కంటే చిన్న వివరం ఏదీ విడిగా కనబడదు. అదే కాంపౌండ్ మైక్రోస్కోప్‌లో 0.65 అపెర్చర్ ఉన్న 40 రెట్ల ఆబ్జెక్టివ్ అర మైక్రాన్ దాకా, 1.25 అపెర్చర్ ఉన్న 100 రెట్ల ఆయిల్ ఆబ్జెక్టివ్ 0.27 మైక్రాన్ల దాకా విడదీస్తాయి. పాలీకీట్ జాతి తేలేది చాలావరకు శూకాల కొన దగ్గర. కాపిటెల్లిడే కుటుంబపు కొక్కెంలాంటి శూకం మీది చిన్నపళ్ళు మైక్రాన్ అటూఇటూ ఉంటాయి. 10 రెట్లకు బదులు 20 రెట్ల ఐపీసులు పెట్టుకున్నా కనబడేది అదే మసక, కాస్త పెద్దగా. ఐపీసుల మీద డబ్బు పెట్టడం వృథా.

ముందుగా ఇది బాగా చేసే పనుల గురించి. పురుగు ఒళ్ళు మొత్తం ఒక్క చూపులో చూడటానికి దీన్ని మించింది లేదు. ఐపీసు ఫీల్డ్ నంబరు 20 అయితే, జూమ్ అడుగున 28 మిల్లీమీటర్లకు పైగా వెడల్పున్న వృత్తం కనిపిస్తుంది, చివర్లో 4.4 మిల్లీమీటర్లు. పని దూరం చేతులూ ఫోర్సెప్సూ కదపడానికి సరిపోతుంది. బొమ్మ తలకిందులవదు, లోతు కూడా తెలుస్తుంది. పార్శ్వపాదాలు, అంటే ఖండితాల పక్కల కాళ్ళలా పొడుచుకొచ్చినవి, లెక్కపెట్టడం, ఏ ఖండితంలో మొప్పలు మొదలయ్యాయో చూడటం, తల మీది అవయవాలు వాటి మొదళ్ళతో సహా గుర్తుపట్టడం ఇందులోనే తేలిక.

కుటుంబం తేల్చేటప్పుడు తలనుంచి మొదలుపెట్టాలి. పురోముఖం, అంటే నోటికి ముందున్న తల భాగం, ఆకారం ఎలా ఉంది, దాని మీద స్పర్శశృంగాలు (యాంటెనాలు) ఎన్ని, స్పర్శకాలు (పాల్పులు) ఉన్నాయా, ఉంటే వాటికి కీలు ఉందా, కళ్ళు ఎన్ని జతలు. నాలుగు కళ్ళు, రెండు స్పర్శశృంగాలు, కీలున్న లావుపాటి రెండు స్పర్శకాలు, తల పక్కన సిర్రస్‌లు అనే పొడుగు పోగులు మూడు నాలుగు జతలు ఉంటే అది నీరైడిడే. కోసుగా ఉంగరాలు పేర్చినట్టున్న పురోముఖం, దాని కొనలో నాలుగు చిట్టి స్పర్శశృంగాలు ఉంటే గ్లిసెరిడే గానీ గోనియాడిడే గానీ అవుతుంది. గ్రసని, అంటే నోటి వెనకుండే గొట్టం, బయటికొచ్చినప్పుడు కొక్కేల్లాంటి నాలుగు నల్లని దవడలుంటే గ్లిసెరిడే. ఆకుల్లాంటి వెడల్పాటి పై సిర్రస్‌లు వరుసగా కనిపిస్తే ఫిల్లోడోసిడే. పూసలదండ లాంటి సిర్రస్‌లుండి, చర్మంలోంచి ప్రొవెంట్రిక్యులస్ అనే పీపాలాంటి కండరపు ఆహారనాళ భాగం కనిపిస్తే సిల్లిడే. ఇవన్నీ 20 రెట్ల దగ్గరే తేలిపోతాయి.

పొలుసు పురుగుల దగ్గర ఈ పరికరం ఇంకా బాగా పనికొస్తుంది. పోలినోయిడే కుటుంబంలో వీపు మీద ఎలైట్రా అనే పొలుసులు 2, 4, 5, 7, ఆపైన ఒకటి విడిచి ఒకటిగా 23వ ఖండితం దాకా ఉంటాయి. అలా లెక్కేస్తే 12 జతలు. లెపిడోనోటస్ ప్రజాతికి అంతే. హార్మోతోయికి వాటి వెనక 26, 29, 32 ఖండితాల మీద మరో మూడు జతలుండి మొత్తం 15 అవుతాయి. చిక్కేమిటంటే జల్లెడలోనో సీసాలోనో పొలుసులన్నీ రాలిపోతాయి. అప్పుడు పొలుసులను కాదు, అవి అంటుకున్న పీఠాలను లెక్కపెట్టాలి. పీఠం గుండ్రంగా తెగిన మొద్దులా ఉంటుంది. దాని పక్క ఖండితంలో పొడుగాటి పై సిర్రస్ మొదలు ఉంటుంది. పక్కనుంచి వాలుగా దీపం పెడితేనే ఈ తేడా తెలుస్తుంది. పక్క స్పర్శశృంగాలు పురోముఖం ముందంచు నుంచే సూటిగా సాగాయా, అడుగునుంచి పుట్టాయా అన్నది రెండో ఆనవాలు: మొదటిది లెపిడోనోటస్ తరహా, రెండోది హార్మోతోయి తరహా. ఈ రెండూ కలిపి చూస్తే ప్రజాతి దాకా చేరడం సులువు. సీసా అడుగున పడ్డ పొలుసులను పారేయకూడదు. వాటి అంచు కుచ్చు, మీది బుడిపెలు జాతికి పనికొస్తాయి.

సున్నపు గొట్టాల్లో ఉండే సెర్పులిడే పురుగులకూ స్టీరియో చాలావరకు చాలు. గొట్టం మూసే బిరడా, అంటే ఆపర్క్యులం, ఎలా ఉందో చూడాలి. హైడ్రోయిడిస్‌లో బిరడా రెండంతస్తులు: కింద గరాటు, దాని మీద ముళ్ళ కిరీటం. ముళ్ళు ఎన్ని, ఒక్కొక్కటి లోపలికి వంగిందా బయటికి వంగిందా, పక్క కొమ్మలున్నాయా అన్నవన్నీ 40 రెట్లలో స్పష్టంగా కనిపిస్తాయి. కిరీటం ఇంకా పూర్తిగా రాని లేత పురుగును తీసుకుని పేరు పెట్టడం ఇక్కడ తరచుగా జరిగే తప్పు. అదే కాలనీలోంచి పెద్దవి అయిదారు ఏరుకుని చూడాలి.

క్రిస్మస్ చెట్టు పురుగు విషయంలో తప్పు ఇంకోలా జరుగుతుంది. స్పైరోబ్రాంకస్ జైగాంటియస్ అనే పేరు 1766లో పల్లాస్ పెట్టింది, ఆ జాతి కరీబియన్ వైపుది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడాల మీద ఉండేవి స్పైరోబ్రాంకస్ కార్నిక్యులేటస్ గుంపుకు చెందుతాయి. రంగురంగుల చుట్టల జత రెండింటికీ ఒకేలా ఉంటుంది. బొమ్మల పుస్తకం చూసి రంగును బట్టి పేరు రాసేస్తే తప్పుతుంది. బిరడా మీద కొమ్ముల్లా లేచిన ముళ్ళను చూసి, పురుగు ఏ సముద్రంలో దొరికిందో గమనించి రాయాలి.

ఇక నీరైడిడే. పరికరం సగం దాకా తీసుకెళ్ళి వదిలేసే చోటు ఇది, అందుకే కాస్త ఆగుదాం. ప్రజాతి తేలాలంటే గ్రసని బయటికి రావాలి. బతికున్నప్పుడే పురుగును మెగ్నీషియం క్లోరైడ్‌లో పెడితే కండరాలు సడలుతాయి: లీటరు మంచినీళ్ళకు 75 గ్రాముల హెక్సాహైడ్రేట్ లవణం, అందులో 15 నుంచి 30 నిమిషాలు. తర్వాత తల వెనక వేళ్ళతో మెల్లగా ముందుకు నొక్కితే గ్రసని తిరగబడి బయటికొస్తుంది. మత్తు ఇవ్వకుండా సూటిగా ఫార్మలిన్‌లో వేస్తే పురుగు ముడుచుకుని గ్రసని లోపలే బిగుసుకుపోతుంది. అలాంటప్పుడు తల కింద పొట్టవైపు నడిమధ్యన సన్న కత్తెరతో కోసి రెక్కలు విప్పినట్టు పరిచి సూదులు గుచ్చాలి. కోత వీపువైపు పెడితే గ్రసని మీద 5, 6 అని అంకెలేసిన మండలాలు తెగుతాయి, ప్రజాతికి ముఖ్యమైనవి అవే.

బయటికొచ్చిన గ్రసని మీద పారాగ్నాత్ అనే నల్లని దంతాలుంటాయి. దవడల దగ్గరి వలయంలో 1 నుంచి 4 మండలాలు, నోటి దగ్గరి వలయంలో 5 నుంచి 8 మండలాలు. 1, 2, 5, 6 వీపువైపు. 3, 4, 7, 8 పొట్టవైపు. 6వ మండలంలో దంతాలు చిన్న కోనుల్లా కాకుండా అడ్డపట్టీల్లా ఉంటే పెరినీరిస్ అనుకోవచ్చు. అక్కడే ఆగకుండా దవడల వైపు వలయం చూడాలి. అక్కడ దంతాలు దువ్వెనపళ్ళలా ఒత్తుగా వరుసలు కట్టి ఉంటే అది సూడోనీరిస్. రెండు వలయాల్లోనూ విడివిడి కోనులే ఉంటే నీరిస్ కావచ్చు, నియాంతిస్ కావచ్చు. స్టీరియో పని ఇక్కడితో ఆగిపోతుంది.

ఆ రెండింటి మధ్య తేడా వెనకవైపు పార్శ్వపాదాల పై తమ్మెలో ఉంటుంది. అక్కడ కీలున్న శూకాలు రెండు రకాలు: కొన సన్నగా పొడుగ్గా సాగితే స్పినిజర్, పొట్టిగా కొడవలిలా వంగితే ఫాల్సిజర్. శూకం కాడలో కీలు కూర్చునే గుంట రెండంచులూ సమానంగా ఉంటే హోమోగాంఫ్, ఒకటి ఎత్తుగా ఉంటే హెటెరోగాంఫ్. వెనక పై తమ్మెల్లో హోమోగాంఫ్ ఫాల్సిజర్లు ఉంటే నీరిస్. అక్కడ స్పినిజర్లే ఉంటే నియాంతిస్. హెడిస్టే అయితే వెనకవైపు కింది తమ్మెల్లో కీలు అతుక్కుపోయిన ఫాల్సిజర్లు కనిపిస్తాయి. ఈ కీలు స్టీరియోలో ఒక చుక్కలా కనబడుతుంది తప్ప గుంట అంచులు తెలియవు. 400 రెట్ల కాంపౌండ్‌లో క్షణంలో తేలుతుంది.

అందుకని పార్శ్వపాదం కోసి స్లైడు చేయడం తప్పదు. ఒళ్ళు పొడవునా శూకాలు మారుతూ పోతాయి కనుక ఒకటి సరిపోదు. శూకాలున్న ఖండితాల్లో 10వది, ఒంటి మధ్యది, తోకకు ముందు భాగంలోది, మూడూ ఒకే పక్కనుంచి తీయాలి. రెండో పక్క చెక్కుచెదరకుండా ఉండాలి; రేపు ఇంకొకరు సరిచూడాలంటే అదే ఆధారం. మొదలు దాకా కోయకపోతే లోపలి ఆసికులం, అంటే పార్శ్వపాదాన్ని నిలబెట్టే లావు పుల్ల, విరిగిపోతుంది. స్లైడు మీద గ్లిసరిన్ చుక్క వేసి పరిచి, 0.17 మి.మీ. కవర్ స్లిప్ మూయాలి. పెద్ద పురుగు పార్శ్వపాదం దళసరిగా ఉండి కవర్ స్లిప్ ఒకవైపు లేస్తుంది, 40 రెట్ల లెన్సు దానికి తగులుతుంది. నాలుగు మూలలా ఆవగింజంత ప్లాస్టిసిన్ పెట్టి నెమ్మదిగా నొక్కితే చదునవుతుంది.

గ్లిసరిన్ మంచిదే, కానీ దానికీ ఒక గుణం ఉంది. అది కండను పారదర్శకం చేస్తుంది. కండతో పాటు శూకాల అంచులు కూడా కొంత మాయమవుతాయి, ఎందుకంటే గ్లిసరిన్ వక్రీభవన గుణకం 1.47, నీటిది 1.33, కైటిన్‌కు గ్లిసరినే దగ్గర. కొక్కెం కొనలో పళ్ళు తేలకపోతే అదే శూకాన్ని నీటి చుక్కలో మళ్ళీ చూడాలి, కండెన్సర్ డయాఫ్రం కొంచెం మూయాలి. మరీ మూస్తే లేని గీతలు పుడతాయి, వాటినే పళ్ళనుకుంటాం.

లెక్క తప్పే ఇంకో చోటు ఖండితాల అంకెలు. కొందరు రచయితలు అన్ని ఖండితాలనూ లెక్కేస్తారు, కొందరు శూకాలున్న వాటినే లెక్కేస్తారు. శూకాలు లేని ఖండితం ఒకటి ముందుంటే రెండు లెక్కలకూ ఒక అంకె తేడా వస్తుంది. కాపిటెల్లిడేలో ఆ ఒక్క అంకే ప్రజాతిని మార్చేస్తుంది. నోటోమాస్టస్‌లో ఛాతీ భాగంలో శూకాలున్న 11 ఖండితాలకూ వెంట్రుకల్లాంటి శూకాలే. హెటెరోమాస్టస్‌లో మొదటి 5 ఖండితాలకే వెంట్రుకలు, 6 నుంచి కొక్కేలు. మీడియోమాస్టస్‌లో ఛాతీ 10 ఖండితాలు, వెంట్రుకలు మొదటి నాలుగింటికి. దారంలాంటి ఈ ఎర్రపురుగుల్లో వెంట్రుకకూ కొక్కేనికీ తేడాను స్టీరియో 45 రెట్ల దగ్గర, నల్ల పలక మీద, పక్క దీపంతో పెద్దవాటిలో చూపిస్తుంది. చిన్నవాటిని మొత్తంగా స్లైడు మీదికి ఎక్కించాల్సిందే.

కాపిటెల్లా కాపిటాటా కథ ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. 1780లో ఫాబ్రీషియస్ గ్రీన్‌లాండ్ పురుగుకు పెట్టిన పేరు ప్రపంచమంతటా కలుషిత జలాల పురుగులన్నిటికీ అంటించేశారు. 1976లో అది ఒకే జాతి కాదని, ఒకేలా కనిపించే అనేక జాతుల గుంపని తేలింది. ప్రయోగశాలల్లో ఏళ్ళ తరబడి పెంచిన ఒకటికి 2009లో కాపిటెల్లా టెలెటా అని వేరే పేరు వచ్చింది. వీటిని విడదీయడం స్టీరియోతోనే కాదు, కాంపౌండ్‌తో కూడా కష్టం; సంతానోత్పత్తి తీరు, లార్వా, డీఎన్‌ఏ చూడాలి. కాబట్టి చీటీ మీద కాపిటెల్లా అని ప్రజాతి రాసి ఆగడమే నిజాయితీ.

స్పియోనిడేలో స్టీరియో మళ్ళీ ఉపయోగపడుతుంది. నత్తగుల్లల్లో, ముత్యపుచిప్పల్లో బొరియలు చేసే పాలిడోరా గుంపును 5వ శూకఖండితం పట్టిస్తుంది: అది మిగతావాటికంటే పెద్దది, లావుపాటి ముళ్ళ వరుస ఉంటుంది. పాలిడోరాలో మొప్పలూ, ముసుగున్న కొక్కేలూ 7వ ఖండితం నుంచి మొదలు. 5వ దానికి ముందే మొప్పలుంటే బొకార్డియా వైపు చూడాలి. 5వది అంతగా మారకుండా ముళ్ళు వంపు తిరిగిన వరుసలో ఉండి, కొక్కేలు 8వ దాంట్లో మొదలైతే సూడోపాలిడోరా. గుల్ల పగలగొట్టి తీసేటప్పుడు రెండు పొడుగు స్పర్శకాలు ఊడిపోవడం మామూలే, అవి లేవని కంగారుపడి కుటుంబం మార్చేయకూడదు. 5వ ఖండితపు ముళ్ళ కొన ఆకారం మాత్రం కాంపౌండ్ కిందే తేలుతుంది.

యూనిసిడేలో మార్ఫైసా పేరు మీద జరిగినంత గందరగోళం తక్కువచోట్ల జరిగింది. తలమీద అయిదు అవయవాలు, మెడ దగ్గర పరిముఖ సిర్రస్‌లు లేకపోవడం అన్న రెంటితో ప్రజాతి స్టీరియోలోనే తేలుతుంది. ఆ సిర్రస్‌ల జత ఉంటే యూనిసి. కానీ మార్ఫైసా శాంగ్వినియా అన్న పేరు 1813లో మాంటగ్యూ ఇంగ్లండ్ దక్షిణ తీరపు పురుగుకు పెట్టాడు. చేపలకు ఎరగా వాడే మార్ఫైసాలన్నిటికీ, ఏ సముద్రంలో దొరికినా, అదే పేరు అంటుకుంది. 2003లో దానికి నియోటైప్, అంటే మూల నమూనాకు బదులుగా ఎంచిన నమూనా, నిర్ణయించి మళ్ళీ వర్ణించాక దూరదేశాల రికార్డులు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. వాటిని విడదీయడానికి కావాల్సినవి: మొప్పలు ఏ ఖండితంలో మొదలయ్యాయి, ఒక్కో మొప్పకు పోగులు ఎన్ని, ఆసికులం కిందుండే కొక్కేనికి ఎన్ని పళ్ళు, కీలు శూకాలు స్పినిజర్లా ఫాల్సిజర్లా, దువ్వెన శూకాల్లో పళ్ళు లావా సన్నమా. మొదటి రెండూ స్టీరియోవి, మిగతావి కాంపౌండ్‌వి. మొప్పలు మొదలయ్యే ఖండితం పురుగు పెరిగేకొద్దీ వెనక్కి జరగొచ్చు. అందుకే 10వ శూకఖండితం దాకా పొడవు, అక్కడ పార్శ్వపాదాలు వదిలేసి వెడల్పు, ఈ రెండు కొలతలూ అంకెతో పాటు రాయాలి. కొలత లేని లెక్క ఎవరికీ అక్కరకు రాదు.

కొలతల దగ్గర ఈ పరికరం మీద ఒక ఫిర్యాదు ఉంది. జూమ్ నాబ్‌కు ఆగే మెట్లు లేని మోడళ్ళు ఎక్కువ. స్టేజ్ మైక్రోమీటర్‌తో, అంటే కొలతగీతలున్న గాజుపలకతో, ఒకసారి లెక్క కట్టి, తర్వాత నాబ్ కొద్దిగా కదిలినా కొలత తప్పుతుంది, తప్పినట్టు తెలియదు కూడా. మెట్లున్న మోడల్ దొరికితే కొంచెం ఖరీదైనా అదే తీసుకోవాలి. లేకపోతే కొలతలన్నీ జూమ్ రెండు చివర్లలోనే తీయాలి, అక్కడ నాబ్ ఆగుతుంది కాబట్టి.

దీపాల సంగతి. పరికరంతో వచ్చే పై ఎల్‌ఈడీ, లెన్సు చుట్టూ బిగించే వలయపు దీపం రెండూ పాలీకీట్లకు పనికిరావు. అన్నివైపులనుంచీ సమంగా పడే వెలుతురులో పీఠాలు, మడతలు, గుంటలు చదునైపోతాయి. వంగే మెడలున్న రెండు చేతుల దీపం విడిగా కొనాలి. ఒకటి అడ్డంగా చాలా కిందికి, రెండోది కాస్త పైనుంచి, తక్కువ వెలుతురుతో. మొత్తం ఖర్చులో దీనికంటే ఎక్కువ ఫలితమిచ్చే వస్తువు లేదు. పాత్ర అడుగున నల్ల మైనం పోస్తే పారదర్శక శూకాలు వెండితీగల్లా మెరుస్తాయి. పురుగు పూర్తిగా మునిగేంత ద్రవం ఉండాలి. ఆల్కహాల్ లోతు తక్కువగా ఉంటే ఆవిరి అలలు కట్టి బొమ్మ వణుకుతుంది. ఎక్కువసేపు చూడాల్సి వస్తే నీటిలోకి మార్చి చూసి మళ్ళీ ఆల్కహాల్‌లో వేయాలి.

రెండు రెట్ల అదనపు లెన్సు కింద బిగిస్తే అపెర్చర్ కూడా పెరుగుతుంది కాబట్టి, ఐపీసు మార్చినట్టు కాదు, నిజంగానే వివరం పెరుగుతుంది. దానికి చెల్లించే మూల్యం పని దూరం: మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది, ఫోర్సెప్స్ లెన్సుకు తగులుతాయి. తల నిర్మాణం చూడటానికి పెట్టుకుని, కోతకు తీసేయడం మంచిది.

మిథైల్ గ్రీన్ రంగు స్టీరియో విలువను పెంచుతుంది. 70 శాతం ఆల్కహాల్‌లో రంగు ముదురుగా కలిపి, పురుగును రెండు మూడు నిమిషాలు ముంచి, శుభ్రమైన ఆల్కహాల్‌లో కడిగితే గ్రంథులున్న చోట్ల ఆకుపచ్చ పట్టీలు నిలుస్తాయి. సాబెల్లిడే, టెరెబెల్లిడే, మాల్డానిడే, కాపిటెల్లిడే కుటుంబాల్లో ఈ పట్టీల అమరిక జాతికి ఆనవాలు. కాసేపటికి వెలిసిపోతుంది, పురుగుకు హాని లేదు, వెంటనే ఫొటో తీసుకోవాలి. ఏరేటప్పుడు రోజ్ బెంగాల్ కలిపిన శాంపిళ్ళలో మాత్రం ఇది తేలదు. గులాబీ రంగు అంతటా పట్టేసి ఉంటుంది.

నిప్పు పురుగుల గురించి హెచ్చరిక. ఆంఫినోమిడే కుటుంబపు శూకాలు సున్నపువి, గాజుపుల్లల్లా విరిగి చర్మంలో దిగి మంట పుట్టిస్తాయి. చేతితొడుగులు, పొడుగు ఫోర్సెప్స్ లేకుండా ముట్టుకోకూడదు. తలమీద కారంకిల్ అనే కండతలపాగా ఉంటుంది, దాని ఆకారం ప్రజాతికి కీలకం. మొప్పలు చెట్టుకొమ్మల్లా ఉంటాయి. ఈ రెండూ స్టీరియోకు సొంత విషయాలు. బఫర్ చేయని ఫార్మలిన్ ఆమ్లంగా మారి ఈ శూకాలను కరిగించేస్తుంది. కొన్నాళ్ళకు సీసా తెరిస్తే శూకాలు లేని మెత్తని పురుగు ఉంటుంది, ఇక ఏ మైక్రోస్కోపూ ఏమీ చేయలేదు. ఒక పాలు మార్కెట్ ఫార్మలిన్‌కు తొమ్మిది పాళ్ళు సముద్రపు నీరు, అందులో బోరాక్స్. ఒకటి రెండు రోజుల తర్వాత కడిగి 70 నుంచి 80 శాతం ఆల్కహాల్. డీఎన్‌ఏ కావాలనుకుంటే ఫార్మలిన్‌కు ముందే తోక ముక్క కోసి 95 శాతం దాటిన ఇథనాల్‌లో వేరే సీసాలో పెట్టాలి.

మూడో గొట్టం, కెమెరా జతకు మధ్యరకం మార్కులే. రెండు కళ్ళకూ విడివిడిగా వాలు గొట్టాలుండే గ్రీనో పద్ధతి స్టీరియోల్లో కెమెరా ఒక్క గొట్టంలోంచి, కాస్త పక్కవాటుగా చూస్తుంది. చదునైన పార్శ్వపాదం ఫొటోలో ఒక అంచు పదునుగా, రెండో అంచు మసకగా వస్తుంది. పొడవాటి పురుగు మొత్తం ఫొటోకు సరిపోతుంది, శూకాలకు కాదు. ఆ డబ్బుతో ఆయిల్ ఆబ్జెక్టివ్ ఉన్న మామూలు కాంపౌండ్ మైక్రోస్కోప్ పక్కన పెట్టుకుంటే జాతిదాకా వెళ్ళే దారి తెరుచుకుంటుంది. రెంటికీ డబ్బు చాలకపోతే కెమెరాను వాయిదా వేయాలి. పెన్సిల్ బొమ్మ చాలు, పాలీకీట్ పనిలో దాని విలువ ఇప్పటికీ తగ్గలేదు.

కొనేముందు చూడాల్సినవి. జూమ్ అడుగునుంచి చివరిదాకా తిప్పినా ఫోకస్ నిలవాలి. నిలవకపోతే ఖండితాలు లెక్కపెట్టేటప్పుడు ప్రతిసారీ వరుస పోతుంది. 45 రెట్ల దగ్గర రెండు కళ్ళలో బొమ్మ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. పది నిమిషాల్లో తలనొప్పి మొదలైతే ప్రిజం జరిగినట్టు. నల్ల కాగితం మీద ఒక వెంట్రుక పెట్టి దాని అంచుల్లో ఊదా రంగు కనబడుతుందేమో చూడాలి. ఫోర్సెప్స్ 5వ నంబరువి తీసుకుని మొనకు తొడుగు వేసి ఉంచాలి, ఒకసారి కిందపడితే కొనలు కలవవు.

పేరు రాసేటప్పుడు వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్‌లో వెతికితే ఆ పేరు ఇప్పుడు చెల్లుతుందా, మొదట ఎక్కడి పురుగుకు పెట్టారు అన్నవి ఉచితంగా తెలుస్తాయి. అది పేర్ల చిట్టా. పురుగును గుర్తుపట్టి పెట్టదు. మూల ప్రాంతం వేరే మహాసముద్రమైతే, శూకాలు చూడకుండా ఆ జాతి పేరు రాయకూడదు. స్టీరియో ఒక్కటే ఉన్న బల్ల మీద చీటీ ఇలా ఉండాలి: మార్ఫైసా, జాతి తేలలేదు, మొప్పలు ఫలానా శూకఖండితం నుంచి, 10వ ఖండితం దగ్గర వెడల్పు ఇంత, కొక్కేలు చూడలేదు, ఎడమపక్క పార్శ్వపాదాలు తీయలేదు.